కజోన్ పెట్టె చేశాను, ఎక్కడ కొట్టినా స్నేర్ జరజరమంటోంది. డిజైన్‌లో ఏం మార్చాలి?

కాకినాడ_తాళం:

అందరికీ నమస్కారమండి. నేను చర్చి కాయిర్‌లో ఢోలక్ వాయిస్తాను, అప్పుడప్పుడు డ్రమ్స్ కూడా. డిసెంబర్ వచ్చిందంటే మాకు క్యారల్స్ రౌండ్స్ ఉంటాయి, రాత్రి తొమ్మిదికి మొదలెడితే తెల్లారగట్ల మూడింటి దాకా వీధి వీధి తిరగాలి, డ్రమ్ కిట్‌ని ఆటోలో ఎక్కించి ప్రతి ఇంటి ముందూ దించి బిగించడం అయ్యే పని కాదు, ఢోలక్ ఒక్కటే పెడితే కొత్త పాటలకి ఆ స్నేర్ దెబ్బ, అదే డ్రమ్ము అడుగున తీగలు జరజరమనే చప్పుడు, లేదని పిల్లలు వెలితి పడుతున్నారు. అందుకని మీద కూర్చుని వాయించే చెక్కపెట్టె, అదే కజోన్, నేనే చేద్దామని దిగాను. కొనుక్కోవచ్చు కదా అంటారేమో, నేను చూసినవాటిలో స్నేర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటోంది, నాకేమో పాటని బట్టి పెట్టుకుని తీసేసుకునేలా కావాలి. పైగా నా చేత్తో చేసిందాని మీద కూర్చుని వాయించాలని చాలా ఏళ్ళ కోరిక.

చేసింది ఇదండి. బయట కొలతలు 30 బై 30, ఎత్తు 48 సెంటీమీటర్లు. నాలుగు పక్కలా 18 ఎంఎం ప్లై వాడాను, కూర్చుంటాం కదా గట్టిగా ఉండాలని మా కార్పెంటర్ అదే ఇచ్చాడు. ముందు కొట్టే పలక 4 ఎంఎం, వెనక పలక 6 ఎంఎం, వెనక మధ్యలో నాలుగు అంగుళాల బెజ్జం. ముందు పలకని చుట్టూరా ఫెవికాల్ రాసి అంటించేశాను. లోపల 14 అంగుళాల డ్రమ్ముకి వేసే 20 తీగల స్నేర్ వైరుని పలక మధ్యలో నిలువుగా, రెండు చివర్లా చిన్న చెక్కముక్కలకి స్క్రూ వేసి లాగి బిగించాను.

ఇప్పుడు బాధ ఏంటంటే పలక మధ్యలో అరచేత్తో బేస్ దెబ్బ కొట్టినా జర్ర్ మంటుంది, పక్కన కీబోర్డ్ వాయించినా దానంతట అదే జర్ర్ మంటుంది, తీరా పై అంచు మీద వేళ్ళతో స్లాప్ కొడితే మాత్రం ఆ పటక్ అనే పదును లేదు, అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. బేస్ కూడా లోతుగా లేదు. బరువు ఆరు కిలోల పైనే తూగింది. స్నేర్ ఇంకా గట్టిగా లాగితే మూగబోతోంది, వదులు చేస్తే ఆగకుండా మోగుతోంది. మొదటిసారి చేశాను కాబట్టి ఎక్కడ తప్పు చేశానో పేరుపేరునా చెప్పండి, రెండోది మొదలుపెట్టమన్నా పెడతాను.

మోత_మోగాలి:

బ్రో బెజ్జం చిన్నదైపోయింది, నాలుగు అంగుళాలకి బేస్ ఏం వస్తుంది, ఆరు అంగుళాలు చేయి గాలి బాగా ఆడుతుంది. స్నేర్ ఇంకోటి యాడ్ చేయి, ఒక్కదానికి పదును రాదు.

వడ్లపని_కరీంనగర్:

తమ్మీ, నేను పెట్టె వాయించెటోణ్ణి గాదు, చేసెటోణ్ణి. మా నాయినది వడ్ల పని, నేను గూడ గదే. మా దిక్కు బ్యాండు పోరగాండ్లు అడిగితే ఓ పది పన్నెండు పెట్టెలు జేసిచ్చిన, అందుకని చెక్క సంగతి నాకెర్కున్న కాడికి చెప్త.

ముందుగాల్ల ఆ ముంగటి పలక అంటించుడే తప్పు. గది ఎన్నడు అంటియ్యద్దు, స్క్రూలతోని బిగియ్యాలె. ఎందుకంటె పలకనే నీ వాయిద్యం, దాన్ని విప్పుడు, బిగిచ్చుడు, మార్చుడు ఉంటది. చుట్టూత ఫెవికాల్ పట్టుకుంటె పై మూలలు గూడ కదలయ్, ఇగ స్లాప్ యాడికెల్లి అస్తది? నువ్వు చెప్తున్న ఆ పటక్ సప్పుడు సగం తీగది గాదు తమ్మీ, పై మూల పలక ఎగిరి పెట్టె అంచును కొట్టుకునుడే. పోరగాండ్లకు చేసిచ్చిన పెట్టెలల్ల నేను పై రెండు మూలల కాడ, మూలకెల్లి రెండు మూడు అంగుళాల దాక, పెట్టె అంచును చిత్రికతోని ఇంతంటె ఇంతే, ఓ మిల్లీమీటరు అరిగిస్త. పలకకు అంచుకు నడుమ సన్నటి సందు పడ్తది, చెయ్యి తాకంగనే పలక అంచుకు తట్టుకుంటది. మూలల స్క్రూ బిగిచ్చినంక పావు సుట్టు ఎనకకు తిప్పు, సప్పుడు ఎట్ల మారుతదో నీకే తెలుస్తది.

రెండోది 18 ఎంఎం అక్కర లేదు. 12 ఎంఎం చాలు, లోపల నాలుగు మూలలకు రెండు సెంటీమీటర్ల రీపర్ ముక్కలు పెట్టి అంటిస్తె వంద కిలోల మనిషి కూసున్నా ఏం గాదు, బరువు రెండు కిలోలు తగ్గుతది. ముంగటి పలక 3 ఎంఎం తీస్కో. గని దుకాణంల 3 ఎంఎం అని అడిగితె చేతికిచ్చింది తెచ్చుకోకు. షీటు నిలవెట్టి మెటికెతోని కొట్టుకుంట పో, ఒక్కో కాడ సప్పుడు పట్టిపోయినట్టు, పగిలినట్టు అస్తది సూడు, ఆడ లోపల పొర అంటలేదన్నట్టు, నడిమి పొర ముక్కలకు నడుమ సందున్నట్టు. గసొంటి షీటు పెడితె స్నేర్ లేకున్నా జరజరంటది, నువ్వు తీగ మీద అనుమానపడుకుంట కూసుంటవ్. నేనైతె ఎనిమిది బై నాలుగు షీటు మొత్తం కొట్టి సూసి, బాగున్న కాడ గీత గీస్కొని గా ముక్కనే కోస్త.

ఇప్పుడు అంటించిన పలక తియ్యాలంటె ఇస్త్రీ పెట్టె గరం జేసి తడి గుడ్డ మీద పెట్టుకుంట అంచు పొంటి నడు, ఫెవికాల్ వేడికి మెత్తవడ్తది, సన్నటి ఉలి పెట్టి మెల్లగ లేపు. పలక ఖరాబైతది గని పెట్టె దక్కుతది. కొత్త పలకకు ముప్పావు అంగుళం స్క్రూలు మూడు అంగుళాలకొకటి ఎయ్యి, ముందు సన్న బిట్టుతోని బెజ్జం ఏస్కో, లేకుంటె ప్లై అంచు పొరలు ఇడిసిపోతయ్.

సౌండ్_లెక్కలు:

కరీంనగర్ అన్న చెప్పింది ప్రతి మాటా నిజం. మోత_మోగాలి గారి బెజ్జం సలహా మాత్రం దయచేసి చేయకండి, ఒకసారి కోశాక వెనక్కి తిరిగి రాదు.

బెజ్జం ఉన్న పెట్టె ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టే పనిచేస్తుంది. లోపలి గాలి స్ప్రింగులా, బెజ్జం దగ్గరున్న గాలి బరువులా ఊగుతాయి. బెజ్జం పెద్దదయ్యే కొద్దీ ఆ ఊగుడు వేగం పెరుగుతుంది, అంటే స్వరం పైకి పోతుంది, కిందకి రాదు. మీ పెట్టె లోపలి ఘనపరిమాణం దాదాపు 34 లీటర్లు వస్తోంది, నాలుగు అంగుళాల బెజ్జానికి లెక్క కడితే 88 హెర్ట్జ్ చుట్టూ వస్తుంది, అదే ఆరు అంగుళాలు చేస్తే 109 దాకా పోతుంది. ఇవి కాగితం మీద లెక్కలు, మీరు కూర్చున్నాక మీ కాళ్ళు, వెనక గోడ, ముందు పలక ఊగుడు అన్నీ కలిసి కొంచెం అటూ ఇటూ అవుతుంది, కానీ దిశ మాత్రం మారదు. మీ నాలుగు అంగుళాలు సరిగ్గానే ఉన్నాయి. 12 ఎంఎం‌తో చేస్తే లోపల చోటు 36, 37 లీటర్లకి పెరుగుతుంది, అప్పుడు నాలుగున్నర అంగుళాలు పెట్టినా పర్వాలేదు, అంతకు మించి వద్దు.

బేస్ లోతు లేకపోవడానికి అసలు కారణం ఆ 4 ఎంఎం పలక. పలక బిగువు మందానికి ఘనంలో పెరుగుతుంది, 3 నుంచి 4కి వెళ్తే చూడ్డానికి ఒక్క మిల్లీమీటరే గానీ బిగువు రెండు రెట్ల పైన, సుమారు 2.4 రెట్లు అవుతుంది, దాని సొంత స్వరం మూడో వంతు పైకెక్కుతుంది. దానికితోడు మూడు పొరల సన్న ప్లైలో బయట రెండు పొరల రేఖలు ఎటు పోతే అటు బాగా బిగువుగా ఉంటుంది. మీ పెట్టె వెడల్పు తక్కువ ఎత్తు ఎక్కువ కాబట్టి రేఖలు నిలువుగా ఉండేలా కోస్తే అడ్డంగా సులువుగా వంగుతుంది, బేస్ దిగుతుంది. అడ్డంగా కోస్తే బిగువెక్కి స్లాప్ వైపు మొగ్గుతుంది. ఒకే షీటులో రెండు ముక్కలు రెండు రకాలుగా కోసి స్క్రూలతో మార్చి మార్చి వినండి, గంట పని.

ఇక స్నేర్. మీరు పెట్టిన చోటే మొత్తం గొడవ. పలక మీద బేస్ కొట్టినప్పుడు పలకంతా ఒక్క ముద్దగా ముందుకీ వెనక్కీ ఊగుతుంది, అన్నిటికంటే ఎక్కువ ఊగేది నడిమధ్య, అంచుల దగ్గర దాదాపు కదలదు. మీరు తీగని సరిగ్గా ఆ నడుమే ఆనించారు, అందుకే బేస్ దెబ్బకి తీగ ఎగిరెగిరి పడుతోంది. కీబోర్డుకి మోగడం కూడా అదే, ఆ స్వరాలకి పలక మధ్య భాగం వణుకుతోంది. పై అంచు మీద స్లాప్ కొట్టినప్పుడేమో పలక చిన్న చిన్న ముక్కలుగా, చాలా వేగంగా వణుకుతుంది, ఆ వణుకు పై మూలల దగ్గర బలంగా ఉంటుంది. కాబట్టి తీగ పై మూడో వంతులో, మూలలకి దగ్గరగా ఆనాలి. అక్కడ బేస్‌కి కదలిక తక్కువ, స్లాప్‌కి ఎక్కువ. మనకి కావాల్సింది అదే కదా, దెబ్బల్ని వేరు చేయడం. తీగల సంఖ్య పెంచితే ఈ వేరు రాదు, రెండో స్నేర్ వేస్తే బాధ రెండింతలవుతుంది.

ఇంకోటి, ముందు స్నేర్ పూర్తిగా తీసేసి వాయించి చూడండి. ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి ఓ మోస్తరు స్పీకర్‌ని వెనక బెజ్జం దగ్గర ఉంచి 50 నుంచి 500 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ పోండి, ఏ స్వరం దగ్గరైనా జర్ర్ వస్తే పెట్టె మీద ఒక్కో చోట వేలు ఆనించండి, ఎక్కడ నొక్కితే ఆగిందో దొంగ అక్కడే. వదులు స్క్రూ కావచ్చు, జిగురు పట్టని అతుకు కావచ్చు, పెట్టె అడుగున కాళ్ళకి వేసే రబ్బరు బుష్ కావచ్చు.

పెట్టె_మీద_అక్క:

అందరూ చాలా మంచి మాటలు చెప్పారు, చదువుతుంటే సంతోషంగా ఉంది. నేను బెంగళూరులో పిల్లలకి ఇది నేర్పిస్తాను, వాయించే వైపు నుంచి నాలుగు మాటలు.

తమ్ముడూ, ముందు పేరు. రాయడం కజోన్ లాగే ఉంటుంది కానీ స్పానిష్‌లో కహోన్ అని పలుకుతారు, పెట్టె, డ్రాయరు అని అర్థం. ఈ వాయిద్యం పుట్టింది పెరూ తీరంలో. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్ళు సరుకుల పెట్టెలు, డ్రాయర్లు తిరగేసి దాని మీద లయ కట్టారు. ఈ పెట్టె ఎవరి చేతుల్లోంచి వచ్చిందో నా పిల్లలకి మొదటి క్లాసులోనే చెప్తాను, అది తెలిశాక పిల్లలు దాన్ని తట్టే తీరే మారుతుంది. 2001లో పెరూ దీన్ని తమ జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. ఇప్పుడు నీ ప్రశ్నకి సంబంధించిన సంగతి ఏంటంటే, పెరూ పెట్టెలో తీగలు ఉండవు! ఒట్టి చెక్క, బెజ్జం, వదులు మూలలు, అంతే. 1977లో ఫ్లమెంకో, అంటే స్పెయిన్ సంప్రదాయ సంగీతం, అందులో గిటారు విద్వాంసుడు పాకో దె లూసియా పెరూ వెళ్ళినప్పుడు అక్కడ కైత్రో సోతో అనే వాద్యకారుడి దగ్గర పెట్టె తీసుకుని స్పెయిన్ తెచ్చాడు, ఆయన బృందంలో బ్రెజిల్ వాడు రూబెమ్ దాంతాస్ దాన్ని ఫ్లమెంకోలో వాయించాడు. ఆ తర్వాత స్పెయిన్‌లోనే లోపల గిటారు తీగలు వేయడం మొదలైంది, ఫ్లమెంకోలో కాళ్ళ తాళం, చప్పట్లు ఉంటాయి కదా, వాటితో కలిసేలా పొడి పొడిగా గలగలమనే శబ్దం కావాలి వాళ్ళకి. డ్రమ్ము స్నేర్ వైరు పెట్టడం ఇంకో దారి, అది డ్రమ్ కిట్‌కి బదులుగా వాడే వాళ్ళకి బాగుంటుంది.

అంటే నీ ముందు రెండు దారులున్నాయి. గిటారు తీగలైతే పలక వెనక కింద నుంచి పైకి వి ఆకారంలో లాగి పలకకి ఆనిస్తారు, శబ్దం సన్నగా, పలక మొత్తం పైన పరుచుకుని ఉంటుంది, సున్నితమైన వేళ్ళ పనికి బాగా పలుకుతుంది, కానీ ఆఫ్ చేయడం కష్టం. సగానికి కోసిన స్నేర్ వైరైతే పై మూలల్లో పెడతారు, దెబ్బ దెబ్బకీ తేడా తెలుస్తుంది, తిప్పి ఆపేయొచ్చు కూడా. నీది వీధిలో నిలబడి పాతిక మంది పాడే పాట, నీకు రెండోదే సరి.

ఎంత నొక్కాలి అన్నదానికి నేను నా స్టూడెంట్స్‌కి తంబురా చూపిస్తాను. బ్రిడ్జి మీద తీగ కింద ఒక దారం పోగు పెడతారు, జీవా అంటారు, అది వెంట్రుకవాసి అటు జరిగితే తీగ మూగ, ఇటు జరిగితే గరగర, సరిగ్గా ఒక్క చోట మాత్రం తీగ పాడుతుంది. మృదంగం కుడి పక్క తోళ్ళ మధ్య సన్న పుల్లలు పెట్టేదీ ఆ నాదం కోసమే. మన వాళ్ళకి ఈ జీరని ఎక్కడ ఉంచాలో, ఎంత ఉంచాలో తరతరాలుగా తెలుసు. స్నేర్ కూడా అంతే, బిగించకూడదు, వదలకూడదు, తీగ కొసలు పలకని ముట్టుకుని ఇంకాస్త, ఒకటి రెండు మిల్లీమీటర్లు, వంగేంత ఒత్తిడి చాలు. రెండు చివర్లా లాగి బిగించే పద్ధతి డ్రమ్ముకి, ఇక్కడ ఒక చివర పట్టుకుని రెండో చివర స్వేచ్ఛగా వదలాలి.

ఒక్క షరతు. తీగ లేకుండా పెట్టె నీకు నచ్చేదాకా తీగ పెట్టొద్దు. వట్టి చెక్క మీద బేస్, స్లాప్ రెండూ కళ్ళు మూసుకుని విన్నా వేరు వేరుగా తెలియాలి. అది కుదరని పెట్టెకి ఎన్ని తీగలేసినా గోల ఎక్కువవుతుందే తప్ప వాయిద్యం అవదు. నేను అలాంటి పెట్టెతో రెండేళ్ళు ఇబ్బంది పడ్డాను, నా చేతులదే తప్పనుకుని ఏడ్చిన రోజులున్నాయి. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

కాకినాడ_తాళం:

అక్కా, అన్నా, సార్, అందరికీ చాలా థ్యాంక్సండి, రాత్రి కూర్చుని మొత్తం రెండుసార్లు చదివాను. నిన్న స్నేర్ తీసేసి వాయించి చూశాను, అక్క చెప్పినట్టు వట్టి చెక్కే సరిగ్గా లేదు, బేస్‌కీ స్లాప్‌కీ తేడా చాలా తక్కువ. టోన్ యాప్ పెడితే 180 దగ్గర కింద పలక మూల ఒకటి జర్ర్ మంది, అక్కడ జిగురు పట్టలేదు. పాత పలక ఇస్త్రీ పెట్టెతో తీశాను, గంటన్నర పట్టింది, ఊడింది. 3 ఎంఎం కోసం ఇక్కడ రెండు షాపులు తిరిగి మెటికెలతో కొట్టి కొట్టి ఒక షీటు తెచ్చాను, షాపాయన పాపం ఓపిగ్గా నిలబెట్టి చూపించాడు.

ఒక్కటే అర్థం కావట్లేదు, తిప్పితే స్నేర్ ఆనాలి, వెనక్కి తిప్పితే వదలాలి, ఆ ఏర్పాటు లోపల ఎలా చేయాలి? అది పాట మధ్యలో వదులైపోకూడదు కదా.

వడ్లపని_కరీంనగర్:

గది అల్కటి పనే తమ్మీ. అంగుళం మందం గుండ్రటి కర్ర తీస్కో, పాత తలుపు పరదా కర్ర ఉన్నా పనికొస్తది. పెట్టె ఎడమ పక్కకెల్లి కుడి పక్కకు అడ్డంగ పోవాలె. ఎత్తు ఎంతంటె, నీ స్నేర్ వైరు నడుమ కట్టరుతోని కోస్తె రెండు ముక్కలైతయ్, ఒక్కోటి ఆరు అంగుళాల లెక్క అస్తది, తీగ కొసలు పై అంచుకెల్లి రెండు అంగుళాల కింద ఆనాలె అంటె కర్ర ఎనిమిది అంగుళాల కింద ఉండాలె. కర్రకు పలకకు నడుమ ఓ సెంటీమీటరు సందు ఇడువు. ఆ రెండు ముక్కల పట్టీలను కర్రకు స్క్రూతోని బిగియ్యి, ఎడమది ఎడమ మూల దిక్కు, కుడిది కుడి మూల దిక్కు, పక్క గోడలకు తాకకుండ.

కర్ర ఒక కొస పెట్టె బయటికి ఓ అంగుళంనర రావాలె, దానికి చిన్న చెక్క పిడి పెట్టు, కూసున్నోని చేతికి కిందికి అందేటట్టు. తిప్పితె కర్ర తిరుగుతది, తీగలు ముంగటికి ఒరిగి పలకకు ఆనుతయ్, ఎనకకు తిప్పితె ఇడిసిపోతయ్. వదులు గావద్దంటె బెజ్జం కర్ర కంటె ఒక ఇంత పెద్దగ చేసి సైకిల్ ట్యూబ్ ముక్క కర్రకు చుట్టి దూర్చు. రబ్బరు పట్టు ఉంటది, ఎక్కడ తిప్పితె అక్కడ ఆగుతది. సప్పుడు గూడ చెయ్యది, చెక్కకు చెక్క తాకుతె కిర్రుమంటది.

డల్లాస్_కట్టెకోత:

కరీంనగర్ అన్నా మీ సైకిల్ ట్యూబ్ ఐడియా అద్భుతం, నేను ఇక్కడ గ్యారేజీలో అదే పని కోసం స్టోర్లో రబ్బరు వాషర్లు వెతుక్కుంటూ కూర్చున్నా. మాకు బాల్టిక్ బర్చ్ ప్లై అయిదు బై అయిదు అడుగుల షీట్లుగా దొరుకుతుంది, లోపల పొరల్లో సందులు తక్కువ, అందుకే వాయిద్యాల వాళ్ళు అది వాడతారు. మన దగ్గర కూడా ఇంపోర్టెడ్ ప్లై అమ్మే పెద్ద షాపుల్లో అడిగితే దొరకొచ్చు కానీ, ఒక్క తాపా కోసం, అంటే ముందు పలకని స్పానిష్‌లో అలా అంటారు, షీటు మొత్తం కొనక్కర్లేదు, ముక్కలు అడగండి.

ఒక చిన్న చిట్కా. కోసిన తీగ కొసలు విడి విడిగా ఎగురుతుంటే జీర చాలాసేపు సాగుతుంది. కొసలకి ఒక అంగుళం కిందుగా సన్నటి బట్ట టేపు అడ్డంగా వేసి తీగలన్నీ కలిపి పట్టుకునేలా చేశాను, జీర టక్కున ఆగిపోతోంది. టేపు కిందకి జరిపితే జీర పెరుగుతుంది, పైకి జరిపితే తగ్గుతుంది. తీగ కోసినప్పుడు ముక్కలు కళ్ళలోకి ఎగురుతాయి, అద్దాలు పెట్టుకోకుండా చేయొద్దు.

సౌండ్_లెక్కలు:

మైకు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, చర్చిలో వాయించేటప్పుడు పనికొస్తుంది. ఒకటే మైకు ఉంటే ముందు వైపు పై అంచుకి ఒక అడుగు దూరంలో కొంచెం కిందకి చూసేలా పెట్టండి, స్లాప్ స్నేర్ రెండూ వస్తాయి. రెండు ఉంటే రెండోది వెనక బెజ్జం దగ్గర, లోపలికి తోయకుండా అంచు దగ్గరే. రెండూ కలిపినప్పుడు బేస్ మాయమైపోతే కంగారు పడొద్దు, పలక ముందుకి వెళ్తే ఒక మైకు గాలిని నెట్టినట్టు, ఇంకోటి లాగినట్టు వింటుంది, రెండూ కొట్టేసుకుంటాయి. మిక్సర్‌లో ఒకదానికి పోలారిటీ తిప్పే బటన్ ఉంటుంది, నొక్కండి, బేస్ తిరిగి వచ్చేస్తుంది.

కాకినాడ_తాళం:

మూడు వారాల తర్వాత రాస్తున్నానండి. అదే పెట్టె బాగు చేద్దామనుకున్నా కానీ చివరికి 12 ఎంఎం‌తో కొత్తది కట్టాను, బరువు నాలుగున్నర కిలోలు, ఒక చేత్తో పట్టుకుని నడవగలుగుతున్నాను. బెజ్జం నాలుగున్నర. ముందు పలక రెండు ముక్కలు కోసి రెండూ పెట్టి విన్నాను, రేఖలు నిలువుగా ఉన్నదే ఉంచాను, బేస్ కొడితే కడుపులో తెలుస్తోంది. పై మూలలు చిత్రిక పట్టేటప్పుడు ఎడమ వైపు కొంచెం ఎక్కువ పోయింది, అందుకని ఎడమ స్లాప్ కుడి దానికంటే బొంగురుగా ఉంది, మూల స్క్రూ బిగించి చాలావరకు సరిచేశాను కానీ పూర్తిగా కలవలేదు.

అక్క మాట మీద పది రోజులు తీగ పెట్టలేదు, రోజూ వట్టి చెక్కే వాయించాను. నిజంగా చెప్తున్నానక్కా, ఆ పది రోజుల్లో చేతులు ఎక్కడ ఆనాలో నాకు తెలిసొచ్చింది, స్లాప్‌కి వేళ్ళు అంచు మీద ఎంత పడాలి, బేస్‌కి అరచెయ్యి తగిలి వెంటనే వెనక్కి రావడం, ఇవి తీగ గోలలో నాకెప్పటికీ వినపడేవి కావు. ఆ తర్వాత కర్ర, సైకిల్ ట్యూబ్, సగం కోసిన స్నేర్ పెట్టాను. మొదట ఒత్తిడి ఎక్కువైంది, పొడిగా చప్పుడు చేసింది, పిడి కొంచెం వెనక్కి తిప్పగానే ఒక చోట విచ్చుకుంది, ఆ చోటు పక్క గోడ మీద పెన్సిల్‌తో గీత గీసుకున్నాను. డల్లాస్ గారి టేపు కూడా వేశాను. బేస్ కొడితే జీర పూర్తిగా పోలేదు, గట్టిగా కొడితే సన్నగా తగులుతుంది, కానీ మామూలు పాటలో అది వినబడట్లేదు. కీబోర్డుకి మాత్రం ఒక్క స్వరం దగ్గర ఇంకా వణుకుతోంది, ఆ పాటకి పిడి తిప్పి ఆపేస్తున్నాను.

నిన్న మా కాయిర్‌లో చిన్నపిల్ల ఒకమ్మాయి వచ్చి పెట్టె మీద చెవి ఆనించి వింది, అన్నయ్యా లోపల ఎవరు గజ్జెలు కట్టుకుని కూర్చున్నారు అని అడిగింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయండి. శనివారం మొదటి రౌండ్స్.

వడ్లపని_కరీంనగర్:

మస్తు సంతోషం తమ్మీ. ఎడమ మూల గురించి ఫికర్ వద్దు, ఆ సందుల సన్నటి కాగితం ముక్క ఒకటి అంటించి సూడు, సరిపోతది. పోంగ చిన్న స్క్రూ డ్రైవర్ ఒకటి జేబుల పెట్టుకో, రాత్రి మంచుకు చెక్క తేమ గుంజుతది, ఒంటి గంట దాటినంక సప్పుడు మందమైతది, మూలల స్క్రూలు ఒక్క రవ్వ సర్దుకుంట వాయించాలె. పలకకు రెండు దిక్కుల పల్చగ స్పిరిట్ పాలిష్ కొట్టినవా? ఒక్క దిక్కే కొడితె వంగుతది. కొట్టకుంటె శనారం లోపల కొట్టి ఎండబెట్టు, ఇంటికొచ్చినంక పెట్టెను నేల మీద పెట్టకు, బెజ్జం దిక్కు గాలాడేటట్టు నిలవెట్టు.